పొడుగు అల, పొట్టి అల: గుండ్లరేవు అబ్రహాం గారి కొలువు

అబ్రహాం గారి భార్య రాహేలమ్మ గారు ప్రయాణానికి సంచి సర్దుతున్నారు. రెండు పంచెలు, బైబిలు, ఆయన దమ్ము ఆయాసానికి వాడే మందు సీసా, దారిలో తినడానికి జొన్నరొట్టెలు, పల్లీల పొడి. సర్దుతున్న సంచిని చూస్తే నాకు మనసు ఒకచోట నిలవదు. గుమ్మంలో నిలబడి గొడుగు పెట్టినవా, మందు మీద మూత బిగించినవా అని అడుగుతూనే ఉన్నాను. ఆమెకు విసుగొచ్చింది.

"అన్నీ వెట్టిన అక్కా. జర గూసో. నువ్వు గట్ల నిలవడితే నాకే పరేషాన్ అయితుంది" అన్నారు.

కూర్చున్నాను. కూర్చుని ఈ వ్యాసం రాస్తున్నాను.

శ్రీ అబ్రహాం గారు 1931 జూన్ 15వ తేదీన గుండ్లరేవు నది కచేరిలో తీగల మేస్త్రీగా కొలువులో చేరారు. 1949 మే 31వ తేదీన వైర్‌లెస్ ఆపరేటరుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆయన సేవలను కొనియాడుతూ కచేరి వెలువరిస్తున్న ఈ సంచికలో మొదటి వ్యాసం నన్ను రాయమని మా అధికారి షరీఫ్ సాహెబు గారు ఆదేశించారు. నేను కచేరిలో ఊడ్చి, నీళ్లు పోసి, బ్యాటరీలు తుడిచే మణెమ్మను. బడికి పోయినదాన్ని కాను. రేవులో నీటిమట్టం కొలిచే రాతి స్తంభం మీది అంకెలతో మొదలుపెట్టి, పొట్లాలు కట్టిన పత్రికల కాగితాలతో చదువు నేర్చుకున్నాను. కచేరిలో నాకన్నా చక్కగా రాయగలవారు ఉన్నారు. అయినా ఈ పని నాకు అప్పగించడానికి కారణం ఉంది.

తనకు అభినందన సభ వద్దని, దండ వేయవద్దని అబ్రహాం గారు నెల కిందటే చెప్పేశారు. 1946 వరదలో జరిగినదానికి తానే కారణమని ఆయన నమ్మకం. ఆ వరదలోకి పుట్టి పడవ తీసుకుపోయిన హనుమంతు నా కొడుకు. "మణెమ్మా, నేను చెప్తే వింటలేడు. నువ్వు రాయి, నువ్వు రాస్తే చదువుతడు" అన్నారు షరీఫ్ సాహెబు గారు. ఆ బరువు మోసుకుంటూ ఆయన ఈ రేవు దాటి వెళ్లిపోకూడదన్నదే నా తాపత్రయం. అందుకని జరిగినది జరిగినట్టు రాస్తాను.

కొత్తకోట నుంచి గద్వాల పోయే బాట మా రేవు దగ్గర కృష్ణలో ఆగిపోతుంది. అవతలి గట్టున మళ్లీ మొదలవుతుంది. నడుమ ఉన్నది నీళ్లు, తోలు పుట్టి. బుట్టలా వెదురుతో అల్లి, కింద తోలు బిగించిన గుండ్రటి పడవ అది. ఏ రోజు పుట్టి వేయవచ్చో, ఏ రోజు వేయరాదో చెప్పడమే మా కచేరి పని. అబ్రహాం గారు రాకముందు ఎగువన నీళ్లు పెరిగితే డప్పు మోగించేవారు. గాలి ఎదురైతే డప్పు వినబడేది కాదు. ఆయన వచ్చిన ఏడాదిలోనే ఎగువ చౌకీకీ మా రేవుకూ మధ్య టెలిఫోను తీగ లాగి, గుండు రాళ్ల మీద స్తంభాలు నిలబెట్టి, గాలికి తెగినప్పుడల్లా తానే ఎక్కి కట్టేవారు. ఎండకాలం, వానకాలం అనక, పండుగ, పబ్బం అనక, పద్దెనిమిదేళ్లు ఆ తీగను ఆయన ఇంటి మనిషిని చూసుకున్నట్టు చూసుకున్నారు. శ్రీరంగాపూర్ తిరునాళ్లకు పోయే జనం రేవులో కిక్కిరిసినప్పుడు, వారి ప్రాణాలకు ఆ తీగే పూచీ అని మాలో చాలామందికి తెలియదు, ఆయన చెప్పుకోలేదు.

యుద్ధకాలంలో ఆయనను హైదరాబాదుకు పంపి వైర్‌లెస్ పని నేర్పించారు. ఆ ఏడాది రేవు బోసిపోయింది. తిరిగి వచ్చిన రోజున పుట్టిలోంచి దిగుతూనే, "మణెమ్మా, తీగె లేకుంటనే మాట పోతది" అన్నారు. "నీళ్లల్ల పడి పోతదా సార్?" అని పుట్టివాళ్లు నవ్వారు. ఆయనా నవ్వారు.

యుద్ధం ముగిశాక మిలిటరీవారు వదిలించుకున్న సామానులోంచి రెండు రకాల సెట్లు, రకానికి రెండు చొప్పున, 1946 ఎండకాలంలో మా కచేరికి చేరాయి. ఒక రకానికి మనిషికన్నా పొడవైన ఏరియల్ కడ్డీ ఉంది. రెండో రకం చిన్నది, రొమ్ముకు కట్టుకోవచ్చు, దాని కడ్డీ జానెడు. మొదటిది వి.హెచ్.ఎఫ్. అని, రెండవది యు.హెచ్.ఎఫ్. అని అబ్రహాం గారు సుద్దతో గోడ మీద రాశారు. మా పుట్టివాళ్లు ఒకదాన్ని పొడుగుది, ఇంకొకదాన్ని పొట్టిది అన్నారు. కచేరిలోనూ ఆ పేర్లే నిలిచాయి. పొడుగుది పొడుగుదానితోనే మాట్లాడుతుంది, పొట్టిది పొట్టిదానితోనే. ఒకదాని మాట ఇంకొకదానికి వినబడదు.

సెట్లు పరీక్షించిన రోజు మరిచిపోలేను. కచేరి వెనుక రాతి గోదాము ఉంది. గోడలు మూరెడు మందం, తలుపు మూస్తే చీకటి, ఊచల కిటికీ ఒక్కటే వెలుతురు. నన్ను లోపల కూర్చోబెట్టి ముందు పొడుగుదాన్ని ఇచ్చారు. గురగుర తప్ప ఏమీ రాలేదు. తర్వాత పొట్టిదాన్ని ఇచ్చారు. అవతలి గట్టు నుంచి నా కొడుకు గొంతు చెవి పక్కన పలికింది.

"అమ్మా, వినవడుతుందా?"

"వినవడుతుందిరా! నువ్వు నీళ్లకు దూరంగ నిలవడు!" అని అరిచాను.

"గంత మొత్తుకోకు. మిషన్ పగుల్తది. నీ గొంతు మిషన్ లేకున్నా గద్వాల దాంక వస్తది."

బయట అందరూ ఒకటే నవ్వు. పుట్టివాళ్లలో పెద్దవాడైన రాములు, "పొడుగుదానికి ఒళ్లు బరువు. పొట్టిది పిల్లి లెక్క గోడలకెల్లి దూరుతుంది" అని తీర్పు చెప్పాడు. ఆ తీర్పు రేవంతా పాకింది. రాతి గోడలోకి దూరినదానికి ఏది అడ్డం? పైగా పొడుగుదాని కడ్డీ పుట్టిలో నిలబెట్టడానికి పుట్టివాళ్లు ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాళ్లలో ముందున్నవాడు నా కొడుకే.

"సార్, ఇది తోలు పుట్టి. సుడిల తిరిగేటప్పుడు నీ ఇనుప కడ్డీ ఒరిగి బొక్క వడితే, నడి ఏట్ల నేను ఏం జెయ్యాలె? నా తలగుడ్డ వెట్టాల్నా, నీ కోటు వెట్టాల్నా?" అన్నాడు.

"కోటు నాకు ఒక్కటే ఉంది, తలగుడ్డనే వెట్టుకో" అన్నారు అబ్రహాం గారు. అలా పొట్టిది పుట్టిలోకి వచ్చింది. గట్టు నుంచి గట్టుకు, కంటికి కనిపించే మేర, అది గంట కొట్టినట్టు పలికింది. ఎండకాలమంతా అంతే.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. నది దిగువన, నల్లగుట్ట మలుపు అవతల, ఏటి నడుమ ఇసుక తిప్ప మీద పచ్చిక మొలిచింది. ఖైరున్నిసా అనే ఆమె, ఆమె అత్త, మరుదులు, పిల్లలు కలిపి తొమ్మిదిమంది మేకలతో ఆ తిప్ప మీద గుడిసె వేసుకున్నారు. ఆగస్టు 19వ తేదీ మధ్యాహ్నం, నీళ్లు ఒక్కసారిగా పెరుగుతున్నాయని ఎగువ నుంచి టెలిఫోను వచ్చింది. తిప్ప మీదివారికి కబురు పంపే దారి లేదు. హనుమంతు పొట్టి సెట్టు కట్టించుకుని పుట్టి దింపాడు. తిప్ప మీద ఎంతమంది ఉన్నారో, నీళ్లు ఎంతదాకా వచ్చాయో వాడు చెబితే, రాములు రెండో పుట్టితో వెనుక రావాలని ఏర్పాటు.

రేవులో అబ్రహాం గారి చేతిలో రెండో సెట్టు. చుట్టూ మేమంతా. వాడి మాట తేటగా వస్తోంది. "నడుమకొచ్చిన సార్. నీళ్లు ఎర్రగున్నయి. చెట్లు కొట్టుకొస్తున్నయి. నల్లగుట్ట మలుపు తిరుగుతున్న. ఇగో, ఇక్కడ సుడి..."

అంతే. మాట మధ్యలో తెగిపోయింది.

మా రేవులో ఒక కట్టుబాటు ఉంది. పుట్టి మునిగిందని తెలిస్తే మిగతా పుట్టివాళ్లు తలగుడ్డలు తీసి నేల మీద పెడతారు. ఆ రోజు మళ్లీ పుట్టి నీళ్లలో దిగదు. గంగమ్మకు ఎదురు పోరాదంటారు. రాములు తలగుడ్డ తీశాడు. వాడిని చూసి అందరూ తీశారు. ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఏడుపు అందుకున్నారు. సుడి అన్నాడు, మాట ఆగింది. ఇక తెలియాల్సింది ఏముందని అందరి లెక్క. షరీఫ్ సాహెబు గారు కూడా తలవంచుకుని నిలబడ్డారు.

అబ్రహాం గారు ఒక్కరే చెవి నుంచి సెట్టు తీయలేదు.

"తలగుడ్డలు కట్టుకోండ్రి" అన్నారు. "గొంతు రాకుంటే మనిషి పోయినట్టు కాదు. ఈ అల పొట్టిది. అది సక్కగ పోతది, గుట్ట సుట్టు తిరగది. పోరడు గుట్ట సాటుకు పోయిండు, గంతే. నేను గుట్టెక్కుత. పైకెల్లి తిప్ప కనవడ్తది. తిప్ప కనవడితే గొంతు వస్తది."

"నీ దమ్ముకు నువ్వు గుట్టెక్కుతవా సార్?" అన్నాడు రాములు.

"నేనెక్కకుంటే నువ్వు దిగుతవా?"

రాములు తన తలగుడ్డ వైపు చూశాడు. దిగడని అందరికీ తెలుసు. ఆయన బయలుదేరారు. బ్యాటరీ పెట్టె నేను మోశాను. నల్లగుట్టకు మెట్లు లేవు, మేకలు పోయే సందు ఒకటే. యాభై రెండేళ్ల మనిషి, నాలుగు అడుగులకు ఒకసారి ఆగి, నోరు తెరిచి గాలి పీల్చుకుని, మళ్లీ ఎక్కారు. కూర్చోండి సార్ అన్నాను. చెయ్యి ఊపారు; మాట్లాడే ఊపిరి లేదు. పైకి చేరాక బండకు ఆనుకుని, సెట్టు ముఖం తిప్ప వైపు తిప్పారు.

"... ఎవరన్న ఉన్నరా? సార్? నేను ఉన్న! తిప్ప మీద తొమ్మిదిమంది ఉన్నరు, అందరు ఉన్నం!"

అబ్రహాం గారు తలగుడ్డ విప్పి గుట్ట అంచున నిలబడి, కింద రేవుకు కనబడేలా ఊపారు. రాములు తన తలగుడ్డ ఎత్తి చుట్టుకోవడం పై నుంచి చూశాను. పుట్టి నీళ్లలో పడింది.

సుడిలో రాయి తగిలి హనుమంతు పుట్టి తోలు చీలింది. తిప్పకు చేరగలిగాడు కానీ ఆ పుట్టి ఇక నీళ్లలోకి పనికిరాదు. రాములు పుట్టిలో తొమ్మిదిమంది ఎక్కడమే ఎక్కువ; పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుంటే పట్టారు. హనుమంతు ఎక్కలేదు. వారిని దింపి వచ్చేదాకా ఉంటానన్నాడు. రాములు వారిని దగ్గరి గట్టుకు చేర్చి, గట్టు వెంట ఏటికి ఎదురు మలుపు పైదాకా పుట్టిని లాక్కుంటూ మళ్లీ బయలుదేరాడు. అంతలో నీళ్లు తిప్ప మీదికి ఎక్కుతున్నాయి.

అబ్రహాం గారు సెట్టు నా చెవికి పెట్టారు.

"హనుమంతూ, తలకు గుడ్డ కట్టుకున్నవా?" అని అడిగాను. అడగడానికి నాకు ఇంకేమీ తోచలేదు.

"కట్టుకున్ననే. మోకాళ్ల దాంక వచ్చినయి. మిషన్ నెత్తి మీద వెట్టుకుంట, తడిస్తే సారు తిడ్తడు."

"రాములన్న వస్తుండు. గట్టిగ నిలవడు."

"నిలవడిన. అమ్మా, సారును ఏమనకుండ్రి. గుట్టకు కిటికీ లేదు. సారు చెప్పిండు, నేనే వినలే. నువ్వు దిగేటప్పుడు సారును ముందు నడిపియ్యి, దమ్ము మనిషి."

ఆ తర్వాత కూడా కొంతసేపు వాడు మాట్లాడాడు. గాలికి సగం పోయింది. రాములు పుట్టి మలుపు తిరిగే సరికి తిప్ప నీళ్ల కింద ఉంది.

ఆనాటి నుంచి అబ్రహాం గారు పొడుగు సెట్టును చూసినప్పుడల్లా ముఖం తిప్పుకునేవారు. ఆ కడ్డీ పుట్టిలో ఉంటే మాట తెగేది కాదు, రాములు అప్పుడే దిగేవాడు, చీకటి పడకముందే అందరూ వచ్చేవారు. ఇది ఆయన లెక్క. కచేరిలో కొందరు అదే లెక్క ఆయన వినేలా వేశారు. సారును ఏమనకుండ్రి అన్నాడు నా కొడుకు అని నేను ఆయనకు ఎన్నోసార్లు చెప్పాను. "నన్ను ఊకుంచెతందుకు అంటున్నవ్ మణెమ్మా. కొడుకును పోగొట్టుకున్నదానివి, నువ్వే నన్ను ఊకుంచుడా?" అనేవారు. ఓదార్చడానికి అంటున్నానని అనుకున్నారు, నమ్మలేదు.

వాడి మాట ఎందుకు తెగిందో నాకు తెలియాలనిపించింది. నేర్పమని అడిగాను. నీళ్లు తగ్గాక ఆయన నన్ను రేవులో ఒక గుండు దగ్గరికి తీసుకుపోయారు. గులకరాయి వేశారు. సన్నటి అలలు పుట్టి గుండుకు తగిలాయి. గుండు వెనుక నీళ్లు కదలలేదు. తర్వాత పెద్ద పుట్టి ఒకటి దాటింది. దాని వెనుక లేచిన పొడుగాటి అల గుండును చుట్టి వచ్చి, వెనుక ఉన్న నీళ్లను కూడా ఊపింది.

"పొడుగు అల అడ్డమొచ్చినదాన్ని సుట్టుకొని పోతది. పొట్టి అలకు నీడ వడ్తది. నీ కొడుకు నీడల ఉండె" అన్నారు.

అంకెలు కూడా నేర్పారు. సెకండుకు మూడు కోట్ల సార్ల నుంచి ముప్పై కోట్ల సార్ల దాకా ఊగేవి వి.హెచ్.ఎఫ్. అలలు. ముప్పై కోట్ల నుంచి మూడు వందల కోట్ల దాకా ఊగేవి యు.హెచ్.ఎఫ్. ఎంత త్వరగా ఊగితే అల అంత పొట్టిది, కడ్డీ అంత చిన్నది. మా పొడుగుదాని అల ఎనిమిది గజాలు, పొట్టిదాని అల గజానికి కొంచెం తక్కువ. మేలు, కీడు అని రెండింటిలో లేదు. ఏది ఎక్కడికి అన్నదే ఉంది.

ఒక్క మాట మాత్రం నాకు అర్థం కాలేదు. గుట్టకు కిటికీ లేదు. నీళ్లలో నిలబడి వాడికి మతి చెదిరిందేమో, ఏదో అన్నాడనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఫిబ్రవరిలో, వీపనగండ్ల నుంచి వచ్చిన సరుకులతో పాటు ఒక పత్రిక కాగితం వచ్చింది. అందులో రేడియో గురించి ఎవరో రాశారు. పొట్టి అలలు గోడను చీల్చుకుని లోపలికి రావు. కిటికీల వంటి సందులలోంచి దూరి వస్తాయి. పొడుగు అలలకు ఆ సందు చాలదు అని ఉంది. చదివి, కాగితం పట్టుకుని గోదాములోకి పోయి ఆ ఊచల కిటికీ ముందు నిలబడ్డాను. ఆ రోజు నా కొడుకు గొంతు వచ్చినది గోడలోంచి కాదు, ఈ సందులోంచి. మేమంతా గోడ దాటిందని మురిసిపోయి, గుట్ట కూడా దాటుతుందనుకున్నాం. గుట్టకు కిటికీ లేదు. వాడికి మతి చెదరలేదు.

షరీఫ్ సాహెబు గారు ఈ వ్యాసం రాయమన్న రోజున అబ్రహాం గారి దగ్గరికి పోయాను. ఆయన రాగి తీగ చుడుతున్నారు.

"సార్, గుట్టకు కిటికీ లేదని నా కొడుకుకు ఎప్పుడు చెప్పిండ్రు?" అని అడిగాను.

తీగ చుట్టే చెయ్యి ఆగింది.

"నీకెవరు చెప్పిండ్రు ఆ మాట?"

"వాడే. తిప్ప మీదికెల్లి. సారు చెప్పిండు, నేనే వినలే అన్నడు."

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం సెట్టు వాడి రొమ్ముకు కడుతూ, పుట్టి దగ్గర, వాళ్లిద్దరే ఉన్నప్పుడు చెప్పారట. పొడుగుది తీసుకపో, పొట్టిది కిటికీల నుంచి వస్తదిరా, గుట్టకు కిటికీ లేదు అని. వాడు నవ్వి పుట్టి తోసుకుపోయాడట. ఆ మాట ఆయన భార్యకు కూడా చెప్పలేదు. నాకు తెలియడానికి వాడి నోరు తప్ప ఇంకో దారి లేదు.

"గట్లనే అన్నడా? నేనే వినలే అన్నడా?"

"గట్లనే అన్నడు. మిమ్మల్ని ఏమనకుండ్రి అన్నడు. గుట్ట దిగేటప్పుడు మిమ్మల్ని ముందు నడిపియ్యమన్నడు. నడిపిన."

ఆయన తీగ మళ్లీ చుట్టడం మొదలుపెట్టి, చుట్టు తప్పి, విప్పి, మళ్లీ చుట్టారు. మర్నాడు రాహేలమ్మ గారు ఆయన కోటు ఉతికి ఆరేశారు. సభకు వేసుకుంటారట.

కచేరిలో పనిచేసే వారందరికీ, ఈ సంచిక చదివే వారి కుటుంబాలకూ నా మనవి ఒక్కటే. 1946 మాట వచ్చినప్పుడు నా కొడుకు చెప్పినది కూడా కలిపి చెప్పండి. అబ్రహాం గారు గుట్ట ఎక్కకపోయి ఉంటే ఆ రోజు రెండో పుట్టి దిగేది కాదు. ఖైరున్నిసా కుటుంబం నేడు కొత్తకోటలో ఉంది. ఆమె చిన్న పిల్ల హాజిరా ఈ సభకు వస్తానని కబురు పెట్టింది.

శ్రీ అబ్రహాం గారూ, మీరు రేపు ఈ రేవు దాటి రాయచూరులో మీ కూతురింటికి వెళ్తున్నారు. మీ దమ్ము నెమ్మదించాలి. మీకు కంటినిండా నిద్ర పట్టాలి. రాహేలమ్మ గారి చేతి వంట తింటూ, మనవల అల్లరి భరిస్తూ, మీరిద్దరూ ఆరోగ్యంగా, దీర్ఘాయుష్షుతో, పది కాలాల పాటు చల్లగా ఉండాలి. చేరగానే కబురు పంపండి. పంపేదాకా నాకు కుదురు ఉండదు.

తిప్ప మీద ఉన్న తొమ్మిదిమందీ తిరిగి వచ్చారు. నా కొడుకు హనుమంతు తిరిగి రాలేదు. అది 1946 ఆగస్టు 19, సోమవారం, పొద్దు గూకే వేళ.